ఒకే యంత్రానికి రెండు జాబితాలు

(సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఇంజనీరింగు విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మేము మాట్లాడవలసిన విషయం సామగ్రి జాబితాల గురించి. ఫ్యాక్టరీలలో దీనిని బిల్ ఆఫ్ మెటీరియల్స్ అంటారు. పేరు వినగానే ఇది ఫ్యాక్టరీవారి గొడవ, పాలు పోసేవారికి దీనితో ఏమి పని అని మీకు తోచవచ్చు. మాకు కూడా ఒకప్పుడు అలాగే తోచినది. ఒక వేసవిలో ఒక సంఘంలో జరిగిన నష్టం మా అభిప్రాయాన్ని మార్చినది. ముందుగా ఆ సంగతి చెప్పి, తరువాత అసలు విషయానికి వస్తాము.

ఆ సంఘంలో 2000 లీటర్ల బల్క్ కూలరు వున్నది. ఒకనాటి సాయంత్రం పాలు పోయించుకున్న తరువాత కార్యదర్శి గారు ఉష్ణోగ్రత చూస్తే ముల్లు 22 డిగ్రీల వద్ద నిలిచిపోయినది. కంప్రెసరు తిరుగుతూనే వున్నది, కలిపే పంఖా తిరుగుతూనే వున్నది, పాలు మాత్రం చల్లబడడం లేదు. ఆ రాత్రే పట్నం నుండి మెకానిక్కును పిలిపించారు. ఎక్స్‌పాన్షన్ వాల్వు చెడిపోయినదని అతడు చెప్పాడు. యంత్రంతో పాటు వచ్చిన విడిభాగాల పుస్తకం తెరిచి, అందులో వున్న నెంబరు ప్రకారం కొత్త వాల్వుకు మనిషిని పంపారు. మరునాడు మధ్యాహ్నానికి వాల్వు వచ్చినది, బిగించారు. అయినా చల్లదనం రాలేదు.

మా విభాగం వారం వెళ్లి చూసేసరికి రెండవనాటి సాయంత్రమయినది. కంప్రెసరు మీద వున్న రేకును గుడ్డతో తుడిచి చదివాము. అందులో ఆర్-404ఎ గ్యాసు అని వున్నది. పుస్తకంలో ఆర్-22 అని వున్నది. ఆర్-22కు తగిన వాల్వును ఆర్-404ఎ గ్యాసు వున్న యంత్రానికి బిగిస్తే అది చాలినంతగా తెరుచుకోదు. గ్యాసు లోపలికి సరిగా పోదు, పాలు చల్లబడవు. మెకానిక్కు పనిలో లోపం లేదు. కార్యదర్శి గారి శ్రద్ధలో లోపం లేదు. వారిద్దరూ నమ్ముకున్న కాగితం తప్పు.

మొదటినాటి సాయంత్రపు పాలు తెల్లవారేసరికి మరిగిస్తే విరిగాయి. మరునాటి ఉదయపు పాలను క్యానులలో ఆటో మీద శీతలీకరణ కేంద్రానికి పంపారు గాని, సగం క్యానులు అక్కడి పరీక్షలో నిలువలేదు. ఆ నష్టాన్ని సంఘమే భరించవలసి వచ్చినది. ఆ పక్షం బిల్లు ఇచ్చేటప్పుడు ఒక పెద్దావిడ మా ఎదుటనే, "నాయనా, గేదె తప్పు చేయలేదు, నేను తప్పు చేయలేదు. మరి నా పాలు ఎవరి తప్పున పోయినట్టు?" అని అడిగినది. ఆనాడు మేము సరైన జవాబు చెప్పలేకపోయాము. ఈనాడు చెప్పబోయేది ఆ జవాబే.

మీ అందరికీ తెలిసిన ఇంటి కట్టుబడితో మొదలుపెడదాము. ఇల్లు కట్టాలంటే ఇంజనీరు ప్లాను వ్రాసి ఇస్తాడు. గోడ ఇంత పొడవు, ఇంత మందం, స్లాబు ఇంత, కిటికీలు ఇన్ని అని అందులో వుంటుంది. పూర్తయిన ఇంటిలో ఏమేమి వుండాలో ఆ కాగితం చెబుతుంది. మేస్త్రీ దానిని చూసి మరొక జాబితా వ్రాస్తాడు. అందులో ఇటుకలు, సిమెంటు, ఇసుకతో పాటు పరంజాకు బొంగులు, తాళ్లు, సెంట్రింగు రేకులు, మేకులు, బైండింగు వైరు, గోడలు తడపడానికి నీళ్ల డ్రమ్ములు వుంటాయి. ఇంజనీరు ప్లానులో పరంజా లేదు. ఇల్లు పూర్తయిన తరువాత వెతికినా కనబడదు. అది లేకుండా మాత్రం గోడ మీదికి లేవదు.

చువ్వల సంగతి చూడండి. ప్లాను ప్రకారం 5 మీటర్ల చువ్వలు 20 కావాలి, అనగా 100 మీటర్లు. అంగడిలో చువ్వ 12 మీటర్ల పొడవున వస్తుంది. ఒక్కొక్క దానిలో 5 మీటర్ల ముక్కలు రెండే వస్తాయి, 2 మీటర్లు మిగిలిపోతుంది. కనుక మేస్త్రీ 10 చువ్వలు, అనగా 120 మీటర్లు తెప్పిస్తాడు. ఇంజనీరు 100 అన్నాడు, మేస్త్రీ 120 తెప్పించాడు, ఇందులో మోసమున్నదని ఇంటి యజమాని తగాదా పెట్టుకోవచ్చు. కాని ఇద్దరూ సరిగానే చెప్పారు. ఒకరు ఇంటిలో వుండవలసిన దానిని చెప్పారు, రెండవవారు ఆ ఇల్లు కట్టడానికి కావలసిన దానిని చెప్పారు.

ఫ్యాక్టరీలో కూడా ఇదే పద్ధతి. యంత్రాన్ని రూపొందించే ఇంజనీర్లు తయారుచేసే దానిని డిజైను జాబితా అందాము. దానిని షాపులో చేసేవారు వాడే దానిని తయారీ జాబితా అందాము. మీ సంఘంలో వున్న బల్క్ కూలరునే తీసుకుని ఈ రెండింటికీ తేడా ఎక్కడెక్కడ వస్తుందో చూద్దాము.

మొదటి తేడా, కొన్ని వస్తువులు ఒక జాబితాలో వుండి రెండవ దానిలో వుండకపోవడం. డిజైను జాబితాలో లోపలి తొట్టి, బయటి తొడుగు, మూత, అజిటేటరు, పాలు దింపే వాల్వు, కంప్రెసరు, కంట్రోలు ప్యానెలు, కాళ్లు వుంటాయి. తయారీ జాబితాలో వీటితో పాటు వెల్డింగు చువ్వలు, వెల్డింగుకు ఆర్గాన్ గ్యాసు, పాలిషు పట్టే చక్రాలు, లీకులు చూడడానికి నైట్రోజను, లారీలో దెబ్బ తగలకుండా కట్టే కొయ్య చట్రం కూడా వుండాలి. ఇవి ఇంటి పరంజా వంటివి. వీటిలో ఏది నిండుకున్నా పని ఆగుతుంది.

రెండవ తేడా, ఒకే వస్తువు రెండు రూపాలలో కనబడడం. తొట్టికీ తొడుగుకూ మధ్య వేడి చొరబడకుండా నురుగు వంటి పదార్థం నింపుతారు. డిజైను జాబితా అక్కడ ఇన్ని మిల్లీమీటర్ల మందం వుండాలని చెబుతుంది. షాపులో ఆ నురుగు దిమ్మగా వుండదు. రెండు డ్రమ్ములలో రెండు రసాయనాలు వుంటాయి. వాటిని కొలత ప్రకారం కలిపి ఆ సందులో పోస్తే పొంగి గట్టిపడుతుంది. కనుక తయారీ జాబితాలో మందం బదులు ఏ రసాయనం ఎన్ని కిలోలు అని వుండాలి. ఆ కిలోలు తప్పితే కొన్నిచోట్ల నురుగు అందక బోలుగా వుండిపోతుంది. పైకి ఏమీ కనబడదు. మీ సంఘంలో కరెంటు బిల్లు పెరిగినప్పుడు, తొడుగు మీద ఒకచోట చెమట పట్టినప్పుడు బయటపడుతుంది.

మూడవ తేడా పరిమాణంలో. 1.2 మీటర్ల వ్యాసం గల గుండ్రటి బిళ్లలు రెండు కావాలనుకుందాము. రెండింటి వైశాల్యం సుమారు 2.26 చదరపు మీటర్లు. వాటిని 2.5 మీటర్ల పొడవు, 1.25 మీటర్ల వెడల్పు గల స్టీలు రేకు నుండి కోస్తారు. రేకు వైశాల్యం 3.125 చదరపు మీటర్లు. అనగా రేకులో నాలుగవ వంతు కంటే ఎక్కువే కత్తిరింపుల కింద పోతుంది. రవిక కుట్టేటప్పుడు దర్జీ దగ్గర పీలికలు మిగిలినట్లే ఇదీను. డిజైను జాబితాను చూసి స్టీలు కొన్న ఫ్యాక్టరీకి పని మధ్యలో స్టీలు చాలదు. అందువలన మనకు రావలసిన కూలరు ఆలస్యమవుతుంది.

నాలుగవ తేడా వరుసలో. డిజైను ఇంజనీరు పనిని బట్టి భాగాలను విడదీస్తాడు. చల్లబరిచేవన్నీ ఒక గుంపు, పాలు నిలువ వుండేవన్నీ ఒక గుంపు, కలిపేవి ఒక గుంపు. తొట్టి అడుగున వుండే చల్లదనపు పలక ఆయన లెక్కలో కంప్రెసరు గుంపులోనిది. షాపులో ఆ పలకను తొట్టి అడుగుకు ముందే వెల్డు చేయాలి. ఆ తరువాతనే తొడుగు వేయగలరు, నురుగు పోయగలరు. కనుక తయారీ జాబితాలో ఆ పలక తొట్టితో కలుస్తుంది. కంప్రెసరు చివరన వస్తుంది. ఒకరు ఇది ఏ పని చేస్తుందని అడుగుతారు, రెండవవారు ఇది ఎప్పుడు, దేనికి అతుకుతుందని అడుగుతారు.

ఇన్ని తేడాలున్నప్పుడు ఒకే జాబితాతో సరిపెట్టుకోరాదా అని మీరు అడగవచ్చు. అలా చేసిన ఫ్యాక్టరీలు వున్నవి. డిజైను జాబితానే షాపుకు ఇస్తే, లేని వస్తువులను మేస్త్రీలు తమ జ్ఞాపకం మీద తెప్పించుకోవలసి వస్తుంది. ఆ మేస్త్రీ సెలవు పెట్టిననాడు పని నిలిచిపోతుంది. తయారీ జాబితాను మాత్రమే వుంచుకుంటే, ఆ భాగాన్ని ఆ కొలతతో ఎందుకు పెట్టారో కొన్నాళ్లకు ఎవరికీ గుర్తుండదు. కనుక రెండూ కావాలి. ఒకదానికొకటి సంబంధం తెగకుండా చూసుకోవడం ముఖ్యం.

ఈ జాబితాల విలువను లోకానికి చాటిన వారిలో జోసెఫ్ ఆర్లికీ ఒకరు. రైతులకు ట్రాక్టర్లు చేసే జె.ఐ.కేస్ అనే అమెరికా కంపెనీలో 1960 తరువాతి సంవత్సరాలలో ఆయన పనిచేశారు. నెలకు ఇన్ని ట్రాక్టర్లు చేయాలంటే ఏ బోల్టు, ఏ చక్రం, ఏ తేదీకి ఎన్ని కావాలో జాబితాను మెట్లు మెట్లుగా విప్పి, కంప్యూటరుతో లెక్కకట్టే పద్ధతిని వృద్ధి చేశారు. 1975లో దానిపై పుస్తకం వ్రాశారు. లెక్క సులభమే. 10 కూలర్లు కావాలి, కూలరుకు 4 కాళ్లు, కాలుకు ఒక సర్దుబాటు బోల్టు, బోల్టుకు రెండు నట్లు. అయితే 40 కాళ్లు, 40 బోల్టులు, 80 నట్లు. అయితే ఈ లెక్క అంతా జాబితా మీద ఆధారపడి వున్నది. జాబితాలో ఒక నట్టు తప్పితే కంప్యూటరు ఆ తప్పును పదింతలు, వందింతలు చేసి చూపుతుంది.

ఇక మన సంఘంలో జరిగినది ఎలా జరిగినదో చూద్దాము. జాబితాలు వ్రాసిననాడు తేడాలు రావడం సహజమని చెప్పాము. కాని ప్రమాదం వచ్చేది మార్పు చేసిననాడు. ఓజోను పొరకు హాని చేస్తుందని ఆర్-22 గ్యాసు వాడకాన్ని, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం, దానికి తరువాత చేసిన సవరణల ప్రకారం క్రమంగా తగ్గిస్తూ వచ్చారు. కూలర్లు చేసేవారు ఇతర గ్యాసులకు మారవలసి వచ్చినది. గ్యాసు మారితే కంప్రెసరు మారుతుంది, ఎక్స్‌పాన్షన్ వాల్వు మారుతుంది, కంప్రెసరులో పోసే నూనె కూడా మారుతుంది. ఆర్-22 యంత్రాలలో సాధారణంగా వాడే మినరల్ నూనె ఆర్-404ఎకు పనికిరాదు, దానికి వేరే రకం కృత్రిమ నూనె పోయాలి.

మన కూలరు చేసిన ఫ్యాక్టరీలో డిజైనువారు తమ జాబితాను సరిగానే మార్చారు. షాపువారు కూడా మార్చారు. లేకుంటే యంత్రం మొదటినుండీ పనిచేసేదే కాదు. కాని ఇంకొక కాగితం వున్నది. అది మరమ్మతు చేసేవారికోసం అచ్చువేసే విడిభాగాల పుస్తకం. పాత జాబితా నుండి అచ్చువేసిన పుస్తకాలు గిడ్డంగిలో మిగిలి వుంటే, కొత్త యంత్రంతో పాటు అవే కట్టి పంపారు. ఏ నెంబరు యంత్రం నుండి కొత్త భాగాలు వాడారో ఆ పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

ఇందులో మా తప్పు కూడా వున్నది. ఆ యంత్రాన్ని దింపి, నడిపి చూసి, సంఘానికి అప్పగించినది మేమే. నీళ్లు పోసి 4 డిగ్రీలకు దించి చూపించాము, సంతకాలు తీసుకున్నాము. పుస్తకాన్ని యంత్రం మీది రేకుతో సరిపోల్చి చూడలేదు. పది నిమిషాల పని అది. ఆ పది నిమిషాలు చూసి వుంటే ఆ పెద్దావిడ పాలు పోయేవి కావు.

ఇటువంటి పొరపాటు చిన్న ఫ్యాక్టరీలకే పరిమితం కాదు. ఐరోపాలో ఎయిర్‌బస్ సంస్థ ఎ-380 అనే రెండంతస్తుల విమానం కట్టినప్పుడు, ఒక్కొక్క విమానంలో సుమారు 530 కిలోమీటర్ల తీగ అమర్చవలసి వచ్చినది. జర్మనీలోని హాంబర్గులో ఒక రకం కంప్యూటరు డిజైను పద్ధతి, ఫ్రాన్సులోని తులూజులో అదే పద్ధతి యొక్క వేరొక తరం వాడుతూ వచ్చారు. ఒకచోటి మార్పులు మరొకచోటికి సరిగా అందలేదు. జర్మనీలో అమర్చి పంపిన తీగల కట్టలు తులూజులో అతకబోతే సరిపోలేదు. ఈ చిక్కుల వలన 2006లో ఆలస్యాలను ప్రకటించవలసి వచ్చినది. మొదటి విమానాన్ని 2007 అక్టోబరులో గాని అప్పగించలేకపోయారు. గొప్ప ఇంజనీర్లున్నచోట కూడా రెండు చోట్ల కాగితాలు ఒకటి కాకపోతే ఎంత నష్టమో దీనివలన తెలుస్తున్నది.

మన సంఘాలలో ఈ నష్టం మరింత తొందరగా వస్తుంది. పిండిన పాలు పశువు ఒంటి వెచ్చదనంతో వుంటాయి. అనుకూలమైన వెచ్చదనంలో కొన్ని రకాల సూక్ష్మజీవులు అరగంటకు ఒకసారి రెట్టింపు కాగలవు. ఆ లెక్కన ఒకటి అయిదు గంటలలో వెయ్యి దాటుతుంది. విమానం ఆలస్యమైతే ఎదురు చూడవచ్చు, పాలు ఎదురు చూడవు. కనుకనే సరైన వాల్వు నెంబరు వ్రాసివున్న కాగితం పాల సంఘానికి అంత ముఖ్యం.

ఈ రెండు జాబితాల సంగతి యంత్రాలతో ఆగదు. మీరు కొనే దాణా బస్తాలో కూడా ఇదే వున్నది. దాణా ఫ్యాక్టరీలో పశుపోషణ నిపుణులు ఒక సూత్రం వ్రాస్తారు. మాంసకృత్తులు ఇంత శాతం, కొవ్వు ఇంత, పీచు ఇంతకు మించరాదు, ఖనిజ లవణాలు ఇంత అని అందులో వుంటుంది. అది డిజైను జాబితా. మిక్సరు దగ్గర పనిచేసేవారికి ఇచ్చే కాగితంలో మొక్కజొన్న ఇన్ని కిలోలు, నూనె తీసిన తవుడు ఇన్ని, పత్తిగింజల చెక్క ఇన్ని, మొలాసిస్, ఉప్పు, ఖనిజ లవణ మిశ్రమం ఇన్ని అని వుంటుంది. టన్ను దాణాకు 50 కిలోల బస్తాలు 20, కుట్టడానికి దారం, కట్టే చీటీలు కూడా వుంటాయి. అది తయారీ జాబితా.

ఒక లెక్క చూడండి. సూత్రం వ్రాసేటప్పుడు మొక్కజొన్నలో తేమ 11 శాతం అనుకున్నారు. వానాకాలంలో వచ్చిన సరుకులో 14 శాతం వున్నది. మొదటి దానిలో 100 కిలోలకు 89 కిలోల పొడి పదార్థం వున్నది, రెండవ దానిలో 86 మాత్రమే. పాత కాగితం ప్రకారం తూచి పోస్తే కిలోలు సరిపోతాయి, మేత సరిపోదు. సుమారు మూడున్నర కిలోలు ఎక్కువ పోస్తే గాని పశువుకు అదే మేత అందదు.

ఇంకొకటి. అంగడిలో ఒక చెక్క ధర పెరిగితే దాని బదులు మరొకటి వాడవలసి వస్తుంది. 44 శాతం మాంసకృత్తులున్న చెక్క 100 కిలోల స్థానంలో 22 శాతం వున్న చెక్కను వాడాలంటే 200 కిలోలు కావాలి. ఆ అదనపు 100 కిలోలకు చోటు ఇవ్వాలంటే వేరొక దినుసు తగ్గాలి. అది తగ్గితే పీచు, కొవ్వు లెక్కలు కదులుతాయి. కనుక స్టోరులో ఇది లేదు, దాని బదులు ఇది పోయండి అని గిడ్డంగిలో ఎవరో చెప్పరాదు. సూత్రం వ్రాసిన నిపుణులే రెండు జాబితాలనూ కలిపి మార్చాలి. మార్చిన తేదీ వ్రాయాలి.

మీ వైపు నుండి కూడా ఒక జాగ్రత్త అవసరం. కొత్త బస్తా రంగు, వాసన మారినంత మాత్రాన కల్తీ అనుకోనక్కరలేదు, దినుసు మారి వుండవచ్చు. అయితే పశువు కడుపు మార్పుకు అలవాటు పడడానికి వారం, పది రోజులు పడుతుంది. పాత దాణాలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి. బస్తా చీటీని బస్తా అయిపోయేవరకు పారవేయవద్దు. మేత తినకపోయినా, పాలు తగ్గినా, ఆ చీటీ మీది నెంబరుతో ఫిర్యాదు వ్రాయండి. ఆ నెంబరు వుంటే ఆ రోజు మిక్సరులో ఏమి పడినదో వెతికి పట్టుకోవచ్చు. నెంబరు లేకపోతే మీ మాటకు మా మాట అడ్డం రావడమే గాని పని జరుగదు.

ఇప్పుడు సంఘాలు చేయవలసినది మనవి చేస్తాము. డిజైను జాబితా, తయారీ జాబితా ఫ్యాక్టరీలో వుంటాయి. మూడవ జాబితా మీ సంఘంలో వుండాలి. మీ షెడ్డులో ఈనాడు నిజంగా నిలబడివున్న యంత్రంలో ఏమేమి వున్నాయో చెప్పే జాబితా అది. దానిని మీరు తప్ప మరెవరూ సరిగా వ్రాయలేరు.

ఒకటి. యంత్రం దిగిన రోజున ఒక నోటు పుస్తకం తెరవండి. యంత్రం నెంబరు, కంప్రెసరు రకం, గ్యాసు పేరు, నూనె పేరు, మోటారు శక్తి, ఎక్స్‌పాన్షన్ వాల్వు నెంబరు, ఆయిల్ సీల్, గాస్కెట్ కొలతలు రేకుల మీద చూసి వ్రాయండి. విడిభాగాల పుస్తకంతో పోల్చండి. రెండూ సరిపోలిన తరువాతనే అప్పగింత కాగితం మీద సంతకం చేయండి. మా వారు తొందరపెట్టినా చేయవద్దు.

రెండు. ఇప్పటికే నడుస్తున్న యంత్రాలకు కూడా ఈ పని చేయండి. పాలు లేని మధ్యాహ్నపు వేళ, కరెంటు ఆపి, రేకులు తుడిచి చదవండి. అక్షరాలు చెరిగిపోయి వుంటే మాకు వ్రాయండి, మా వారు వచ్చి చూస్తారు.

మూడు. మెకానిక్కు ఏ భాగం మార్చినా తేదీ, పాత నెంబరు, కొత్త నెంబరు, మార్చినవారి పేరు ఆ పుస్తకంలో ఎక్కించిన తరువాతనే కూలి బిల్లు చెల్లించండి. అత్యవసరానికి వేరొక భాగంతో సర్దుబాటు చేయవలసి రావచ్చు. అది తప్పు కాదు, వ్రాయకపోవడమే తప్పు. ఈనాటి సర్దుబాటు రేపు వచ్చే మెకానిక్కుకు తెలియదు.

నాలుగు. విడిభాగం కోరుతూ వ్రాసేటప్పుడు యంత్రం నెంబరు తప్పక వ్రాయండి. ఒకే రకం కూలరులో కూడా ఒక నెంబరు వరకు ఒక వాల్వు, ఆ తరువాత వేరొక వాల్వు వుండవచ్చు. వీలయితే పాత భాగాన్నే పంపండి.

అయిదు. ఈ పుస్తకాన్ని కార్యదర్శి ఇంటిలో గాక సంఘం కార్యాలయంలో వుంచండి. కార్యదర్శి మారినప్పుడు నగదుతో, స్టాకుతో పాటు దీనిని కూడా అప్పగింత చేయండి.

మా వైపు నుండి కూడా ఒక మాట ఇస్తున్నాము. కొత్త యంత్రం అప్పగించేటప్పుడు మీ కార్యదర్శితో కలిసి రేకునూ, పుస్తకాన్నీ సరిచూడకుండా మా వారు తిరిగిరారు. మార్పు ఏ నెంబరు యంత్రం నుండి అమలయినదో వ్రాసి ఇవ్వని పుస్తకాన్ని ఫ్యాక్టరీ నుండి మేము తీసుకోము.

గ్యాసుల మార్పు ఇంతటితో ఆగలేదని కూడా గుర్తుంచుకోవాలి. ఆర్-404ఎ ఓజోనుకు హాని చేయకపోయినా, గాలిలో కలిస్తే భూమి వేడిని పెంచుతుంది. 2016లో కిగాలీలో చేసిన సవరణ ప్రకారం అటువంటి గ్యాసులను కూడా క్రమంగా తగ్గించుకోవాలని దేశాలు ఒప్పుకున్నాయి. కనుక మీ కూలర్లలో మళ్లీ మార్పులు వస్తాయి. గ్యాసు, వాల్వు, నూనె మళ్లీ మారుతాయి. ఆనాటికి మీ పుస్తకం సిద్ధంగా వుంటే పాలు నిలుస్తాయి.

ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలము. ఆమె పాలు ఏ ఒక్కరి తప్పునా పోలేదు. డిజైనువారు మార్చారు, షాపువారు మార్చారు, పుస్తకం వేసినవారు మార్చలేదు, మేము చూడలేదు. నలుగురి చేతులు దాటిన పొరపాటు చివరకు పాలు పోసిన మనిషి మీద పడినది. సహకార సంఘం పెట్టుకున్నదే అటువంటి భారం ఒక్కరి మీద పడకుండా చూసుకోవడానికి. ఇళ్లకు వెళ్లిన తరువాత ఈ వారంలోనే ఒక నోటు పుస్తకం కొని, మొదటి పేజీలో మీ కూలరు నెంబరు వ్రాయవలసిందిగా మనవి.

 మీ షెడ్డులో వున్న యంత్రాల గురించి సందేహాలుంటే ఇప్పుడు అడగండి. యంత్రం నెంబరు వ్రాసుకుని వచ్చినవారికి ముందుగా జవాబు చెబుతాము.